బడిపెద్ద

సుంకులపాడు బడిలో తరగతులకు ప్రభుత్వం పెట్టిన పేర్లు రిజిస్టరులో మాత్రమే ఉండేవి. ఊళ్ళో ఎవరూ మావాడు ఒకటో తరగతి, మా పిల్ల రెండో తరగతి అనేవాళ్ళు కాదు. కొత్తగా చేరి, నేలమీద పోసిన ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దేవాళ్ళు ఇసుకోళ్ళు. అక్షరం కాస్త కుదిరి, పలకా బలపం చేతికొస్తే పలకోళ్ళు. మూడో తరగతి వాళ్ళు బుక్కోళ్ళు. నాలుగో తరగతిలో సిరాబుడ్డి పట్టుకుని వేళ్ళూ మూతీ చొక్కా నల్లగా చేసుకునేవాళ్ళు మసోళ్ళు. ఐదో తరగతికి వస్తే గోడకు తగిలించిన దేశపటం ముందు బెత్తం పట్టుకుని నిలబడే యోగ్యత వస్తుంది గనుక పటమోళ్ళు. వీళ్ళందరి పైన ఒకరు ఉంటారు. ఆ ఒకరు బడిపెద్ద.

బడిపెద్ద హోదా ఏ ప్రభుత్వమూ ఇచ్చింది కాదు. పొద్దున్నే, బడి నడిచే చావిడి తలుపు తీసేది బడిపెద్ద. గంట కొట్టేది, ఇసుక జల్లించి పోసేది, ఇసుకోళ్ళ వేళ్ళు పట్టుకుని దిద్దించేది, పలకోళ్ళ ఎక్కాలు ఒప్పజెప్పించుకునేది, అయివారు ఆలూరు ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు పోయిన రోజు బడి మొత్తం తన నెత్తిన పెట్టుకుని నడిపేది, అంతా బడిపెద్దే. కల్లంలో జొన్నలు తూర్పారబట్టిన రోజు ఏ రైతయినా అయివారికి ఒక చాటెడు పెట్టి, పక్కనే బడిపెద్దకు ఒక దోసెడు పెడతాడు. ఊరికి ఏ నోటీసు వచ్చినా, ఎవరింటికి ఉత్తరం వచ్చినా చదివిపెట్టేది బడిపెద్ద. ఊరి లెక్కలో అది ఐదు తరగతుల పైన ఆరో మెట్టు.

ఆ మెట్టు మీద మూడేళ్ళుగా ఉన్నది ఈరక్క. అంతకు ముందు ఆ ఊళ్ళో ఆడపిల్ల బడిపెద్ద అయిన దాఖలా లేదు. మొదట్లో మసోళ్ళలో ఇద్దరు ముగ్గురు మగపిల్లలు ఆడపిల్ల మాట మేం వినేదేందని మొరాయించారు. ఈరక్క వాళ్ళను కొట్టలేదు, తిట్టలేదు. భిన్నాల లెక్క ఒకటి పలక మీద వేసి ఇచ్చి, ఇది చేసినోళ్ళు నా మాట వినాల్సిన పనిలేదు అంది. వాళ్ళు ఆ లెక్కతో రెండు రోజులు కుస్తీపట్టి, మూడో రోజు నుంచి కుక్కిన పేనుల్లా కూర్చున్నారు.

ఆమెను ఆ మెట్టెక్కించినవాడు బడిపంతులు మద్దిలేటి అయివారు. ఆమెకు జరిగిన అన్యాయం కూడా ఆయన చేతి మీదుగానే జరిగింది. చెడ్డవాడు కాదు. చెడ్డవాడయితే ఈ కథ చెప్పడం సులువయ్యేది.

అయివారికి ఇరవై రెండేళ్ళ సర్వీసు. చేసింది లోయరు గ్రేడు ట్రైనింగు. ఆ ఒక్క మాట కారణంగా ఎన్నేళ్ళు పనిచేసినా సీనియారిటీ జాబితాలో ఆయన పేరు అడుగునే ఉండేది. నిన్నగాక మొన్న మీసం మొలిచిన హయ్యరు గ్రేడు కుర్రవాడు ఆయన కన్నా సీనియరు. ఆ జాబితా వచ్చిన పూట ఆయనకు ముద్ద దిగేది కాదు. ఆయన భార్య నాగలక్ష్మమ్మ సంగటి మూతపెట్టి, "మాటలే గదయ్యా, పేర్లే గదా, మన్ను పడనీ" అనేది. పేర్లే. ఆ పేర్లు మనిషిని యాడ కూర్చోబెడతాయో ఆయనకు తెలిసినంతగా ఆ తాలూకాలో ఇంకెవరికీ తెలియదు. తెలిసినవాడే అంత పని చేశాడు.

ఒకటే గది, ఒకడే అయివారు, యాభై ఎనిమిది మంది పిల్లలు. దానికి తోడు ఆయనకు ఉబ్బసం. ఇసుకోళ్ళతో నాలుగు అక్షరాలు అరిపించేసరికి రొమ్ము పిల్లికూతలు కూసేది. ఈరక్క ఐదో తరగతికి వచ్చిన ఏడు, ఆయన దగ్గినప్పుడల్లా ఆ పిల్ల అడక్కుండానే లేచిపోయి ఇసుకోళ్ళ మధ్య కూర్చునేది. ఆ ఏడు పరీక్షల్లో బడికంతా మొదటి మార్కులు ఆమెవే. మార్కులు పిల్లలకు చదివి వినిపించే ఆనవాయితీ ఆ బళ్ళో లేదు.

పరీక్షలయిన మర్నాడు తల్లి భీమక్క చావిడి దగ్గరికొచ్చి నిలబడింది. మొగుడు కలరాకు పోయినప్పటి నుంచి కూలి చేసి ఒక్కగానొక్క బిడ్డను సాకుతున్న మనిషి.

"ఐదు అయిపాయె గదా అయివారూ. ఇంగ నా ఎంబడి తోడుకపోతా" అంది.

అయివారు చావిడిలోని ఇసుక వైపు చూశాడు. రేపటి నుంచి ఇసుకోళ్ళను ఎవరు చూస్తారు? "ఇంకొక్క ఏడు ఉండనీ భీమక్కా. దాన్ని బడిపెద్దను చేస్తా" అన్నాడు.

భీమక్క నమ్మలేనట్టు చూసింది. తరువాత రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. తన బిడ్డ ఊరికి ఉత్తరాలు చదివే మనిషి అవుతుందంటే ఏ తల్లి కాదంటుంది?

కానీ ఆ బడిలో ఉన్నవి ఐదు తరగతులే. ఐదు ప్యాసయిన పిల్ల పేరు రిజిస్టరులో కొట్టేయాలి. పేరు లేని పిల్ల బళ్ళో కూర్చుని ఉండగా ఇన్‌స్పెక్టరు వస్తే సంజాయిషీ రాసుకోవాలి. అయివారు ఆ సాయంత్రం రిజిస్టరు తెరిచి, ఈరక్క పేరుకెదురుగా 'తప్పినది' అని రాశాడు. మరుసటి ఏడు కూడా అదే రాశాడు. ఆ పై ఏడు కూడా. ఆ రాతకు పట్టిన సమయం సిరా ఆరేంతసేపు. అది తప్పని ఆయనకు తోచలేదంటే మీరు నమ్మాలి. ఊళ్ళో ఆ పిల్ల అందరికన్నా పెద్ద, రిజిస్టరు పెట్టెలో ఉంటుంది, పెట్టె తాళం తన దగ్గర ఉంటుంది. ఇక చూసేదెవరు?

యాభై ఆరో సంవత్సరం ఏప్రిల్‌లో తపాలాలో ఒక కాగితం వచ్చింది. కర్నూలులో బీద ఆడపిల్లలకు ఒక హాస్టలు బడి ఉందట. మెట్ట తాలూకాలలో ఐదో తరగతి ప్యాసయి, పద్నాలుగు దాటని పిల్లలను ఫస్టు ఫారంలో చేర్చుకుంటారట. తిండి, గుడ్డ, పుస్తకాలు అన్నీ వాళ్ళవే. మూడేళ్ళు చదివాక అక్కడే టీచరు ట్రైనింగు ఇస్తారట.

అయివారు ఆ కాగితం పట్టుకుని భీమక్క గుడిసె ముందుకు పోయాడు. అంతా విని ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఫస్టు అంటే ఒకటే గదా అయివారూ? ఐదు దాటి, బడిపెద్ద అయ్యి, మళ్ళా పోయి ఒకట్ల కూసుండల్లా నా బిడ్డ?"

"అది వేరే ఒకటి భీమక్కా. మన ఆరోదాన్ని పట్నంలో ఫస్టు ఫారం అంటారు. ఏడు సెకండు ఫారం. ఎనిమిది థర్డు ఫారం. ఆరు ఫారాలు దాటితే ఎస్సెల్సీ."

"ఆరును ఒకటంటారా? పట్నమోళ్ళకు లెక్కలు రావేమప్పా!"

ఈరక్క తడిక పక్కన నిలబడి కిసుక్కున నవ్వింది. నవ్వుతూనే, పెదాలు మాత్రం కదిలిస్తూ, ఫస్టు ఫారం, సెకండు ఫారం, థర్డు ఫారం అని మూడుసార్లు అనుకుంది. ఇసుకోళ్ళ చేత అనిపించినట్టే తన చేత తాను అనిపించుకుంది.

భీమక్క ఉన్నమాట చెప్పేసింది. "తుంగభద్ర కాలవ పనికి మేస్త్రీ మనుషుల్ని కూడేస్తాండాడు అయివారూ. రెండు కారులు వానల్లేవు, ఈడ ఏం తిని బతకల్ల? నేను పోతాండా. ఒంటి ఆడపిల్లను ఇంట్ల ఇడిసిపెట్టి పోలేను. గంప మోసే ఈడు గూడా వచ్చె. ఈ సీటు వస్తే కర్నూలుకు పోనీ, నా కడుపు సల్లగుంటాది. రాకుంటే నా ఎంబడి కాలవకు వస్తాది."

"వస్తాది. ఎందుకు రాదు?" అన్నాడు అయివారు. ఆ మాట అన్నప్పుడు ఆయన మనసులో ఏ కల్మషమూ లేదు.

ఆ ఏడు రిజిస్టరులో ఈరక్క పేరుకెదురుగా 'ప్యాసు' అని రాశాడు. తరువాత ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్టు రాయడానికి కూర్చున్నాడు. పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాస్తూ వచ్చి ఒక గడి దగ్గర ఆగాడు. ప్రస్తుత తరగతిలో చేరిన తేదీ. రిజిస్టరులో ఉన్నది నాలుగేళ్ళ కిందటి జూన్. కింద ఇంకొక గడి. ఆ తరగతిలో ఎన్నిసార్లు తప్పినది. ఇంకో తేదీ వేద్దామా అనుకున్నాడు. సర్టిఫికెట్టు పుస్తకంలో అడుగు కాగితం ఉండిపోతుంది, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో రిజిస్టరుతో సరిచూస్తారు. పెన్షన్‌కు ఇంకా మూడేళ్ళుంది. ఇంత చిన్న గడి ఎవరు చదువుతారులే అనుకుని, రిజిస్టరులో ఉన్నదే దించాడు. ముమ్మారు.

జూన్ మొదటి వారంలో తల్లితో, అయివారితో కర్నూలు బయలుదేరే ముందు ఈరక్క గంటకొట్టే ఇనుపకడ్డీని ఉరుకుందు అనే పటమోడి చేతికిచ్చింది. ఇసుక ఎట్లా జల్లించాలో చూపించింది. దిద్దిన అక్షరాన్ని చెరిపేటప్పుడు కాలితో చెరపనియ్యొద్దు, అరచేత్తో చెరిపి ఆ చెయ్యి కళ్ళకద్దుకోమను, అది సరస్వతి అని చెప్పింది. ఇసుకోళ్ళు ఆమె పరికిణీ పట్టుకుని రాగాలు తీశారు.

బస్సు కోడుమూరు దాటింది. ఆ తరువాత ఈరక్క ఆపకుండా మాట్లాడింది. ట్రైనింగయినాక మన ఊరికే వేస్తారా అయివారూ అని అడిగింది. వేస్తే మీరు బుక్కోళ్ళ నుంచి చూసుకోండి, కిందోళ్ళను నేను చూసుకుంటా, మీకు దగ్గు రాదు అంది. అయివారు కిటికీలోంచి ఎండిన హంద్రీ ఏటిని చూస్తూ తలూపాడు.

హాస్టలు పెద్దమ్మ పేరు సంతోషమ్మ. కడప మనిషి. తెల్లచీర, ఇనుప ఫ్రేము కళ్ళజోడు, మెత్తటి గొంతు. వరండాలో బల్ల వేసుకుని కూర్చుని ఉంది. వరుసలో ఇరవై మందికి పైగా పిల్లలున్నారు. సీట్లు ఎనిమిది. రాజధాని అయినప్పటి నుంచి కర్నూలులో అన్నిటికీ వరుసలే. వీళ్ళ వంతు మధ్యాహ్నానికి వచ్చింది.

ఆమె మొదట కాగితం చూడలేదు. పిల్లను చూసింది. ఒక వాచకం తీసి ఇచ్చి చదవమంది. ఈరక్క తడుముకోకుండా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, ఇసుకోళ్ళకు వినిపించినంత స్పష్టంగా చదివింది. వరుసలో ఉన్న తల్లులు మాటలు ఆపి విన్నారు. భీమక్క మొహం వెలిగిపోయింది. సంతోషమ్మ కూడా నవ్వి, భేష్ అని, అప్పుడు సర్టిఫికెట్టు తీసుకుంది.

చదువుతూ చదువుతూ ఒక చోట ఆమె వేలు ఆగింది. ఏ గడి దగ్గర ఆగిందో అయివారికి నిలబడ్డ చోటి నుంచే తెలిసింది.

"ఐదో తరగతి మూడుసార్లు తప్పిందే" అంది సంతోషమ్మ.

ఆమె కాగితం బల్ల మీద పెట్టింది.

"చక్కగా చదివింది, కాదన్ను. కానీ అమ్మా, ఇది ఐదో తరగతి వాచకమే. నాలుగేండ్లు చదివిన పుస్తకం ఎవురికైనా వస్తుంది." ఆమె గొంతులో ఎగతాళి లేదు, అలసట ఉంది. "ఒక్కసారికి మించి తప్పిన పిల్లను తీసుకోగూడదని మాకు రూలుండాది. ఎనిమిది సీట్లకు ఇంతమంది. తప్పకుండా వచ్చిన పిల్లను పంపించేసి ఈ పిల్లను యెట్ల పెట్టుకుందును, మీరే చెప్పండి."

భీమక్కకు తప్పడం అన్నమాట తెలుసు. ఆమె ఒకసారి బిడ్డ వైపు, ఒకసారి అయివారి వైపు చూసింది. ఈరక్క మాత్రం అయివారినే చూసింది. ఆ చూపులో అనుమానం కూడా లేదు. ఏదో పొరపాటు జరిగింది, అయివారు ఇప్పుడు సరిచేస్తాడు అన్న నమ్మకం ఉంది.

"నేను తప్పినానా అయివారూ?"

చెప్పవలసిన మాట ఎంత చిన్నది. నేనే అబద్ధం రాశానమ్మా అంటే చాలు. ఆ తరువాత రిజిస్టరు తెప్పిస్తారు, మూడేళ్ళ దొంగరాతలు బయటపడతాయి, ఇరవై రెండేళ్ళ సర్వీసు మట్టిలో కలుస్తుంది. నాగలక్ష్మమ్మ మొహం కళ్ళ ముందుకొచ్చింది. రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి.

"కాగితంలో అట్లనే ఉండాది" అన్నాడు మద్దిలేటి అయివారు.

ఆయన జీవితంలో అంతకన్నా నీచమైన మాట మరొకటి మాట్లాడలేదు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు కూడా.

ఈరక్క తల వంచుకుంది. వాచకాన్ని రెండు చేతులతో బల్ల మీద పెట్టి, కళ్ళకద్దుకుని, వెనక్కి వచ్చింది. తిరుగు బస్సులో ఆమె తల్లి పక్కన కూర్చుంది. అయివారి పక్కన కూర్చోలేదు.

నాలుగో రోజు పొద్దున భీమక్క అయివారింటికి వచ్చింది. ఆయన గుండె దిటవు చేసుకున్నాడు. తిడుతుంది, మన్ను ఎత్తిపోస్తుంది, ఊరంతా కూడేస్తుంది, తిట్టనీ, అదే నయం అనుకున్నాడు. భీమక్క కొంగులో మూటకట్టుకొచ్చిన సజ్జలు నాగలక్ష్మమ్మ చాటలో పోసింది. ఇంట్లో మిగిలినవి అవేనని చూస్తేనే తెలుస్తోంది.

"అంత మొద్దుపిల్లని నాకేం తెలుసు అయివారూ" అంది. "మూడేండ్లు తప్పినా పదిమందిలో చెప్పకుంటిరి. దాని గుట్టు కాపాడితిరి. తప్పిన పిల్లనని సూడకుండా బడిపెద్దను చేసి, ఊర్ల తల ఎత్తుకోని తిరిగేట్ల చేస్తిరి. కన్నతండ్రి గూడా ఇట్ల చేయడు. మీ రుణం యాడ తీర్చుకుంటా?"

వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టింది. అయివారు వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. నోరు తెరిచాడు గానీ దగ్గే వచ్చింది. ఆ సజ్జలతో చేసిన రొట్టె ఆ పూట ఆయన ముట్టలేదు. మరుసటి పూట ముట్టాడు. ఆకలి అలాంటిది.

ఆ సాయంత్రమే హంపమ్మ అనే ముసలామె ఉత్తరం పట్టుకుని వచ్చింది. బళ్ళారిలో మిల్లు పనికి పోయిన కొడుకు రాసినది. "ఈరక్క సదవనంటాది సూడప్పా" అని ఫిర్యాదు చేసింది. "మూడుసార్లు తప్పినదాన్నవ్వా, ఏమన్నా తప్పు సదివితే నీకు చేటు, అయివారి కాడికి పో అంటాది. మూడేండ్ల నుంచి అన్నీ అదే సదివె. ఒక్క మాట తప్పు పోలేదు. ఇప్పుడేమొచ్చె దానికి?"

అయివారు ఉత్తరం చదివి వినిపించాడు. అక్షరాలు కనిపించక రెండుసార్లు ఆగాడు. హంపమ్మ పోయాక సంతోషమ్మకు జాబు రాయడానికి కూర్చున్నాడు. మొదటి వాక్యం కూడా పూర్తికాకముందే నాగలక్ష్మమ్మ వచ్చి వెనక నిలబడింది. ఆమెకు చదువు రాదు. మొగుడి భుజాలు చూస్తే ఏం రాస్తున్నాడో తెలుస్తుంది.

"రాస్తే ఆ పిల్లకు సీటొస్తాదా? ఎనిమిదీ నిండుకోనుంటాయి. మన నోట్ల మన్ను పడేది మాత్రం ఖాయం" అంది.

అది నిజమే. నిజం గనుక ఆయన దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. కాగితం చించేశాడు. మర్నాడు కనీసం పిల్లకయినా నోటితో చెబుదామని గుడిసె దగ్గరికి పోతే తడిక కట్టేసి ఉంది. తెల్లవారుతూనే మేస్త్రీ బండ్లలో కాలవకు పోయారని పక్కవాళ్ళు చెప్పారు.

బడి తెరిచారు. ఉరుకుందు గంట బాగానే కొట్టేవాడు గానీ ఇసుకోళ్ళు వాడి మాట వినేవాళ్ళు కాదు. అయివారే వాళ్ళ మధ్య కూర్చుని అ, ఆ అనిపించి దగ్గుతూ ఉండేవాడు. మూడు వారాలు అలా గడిచాక ఒక ఆదివారం ఎనిమిది మైళ్ళు నడిచి కాలవ దగ్గరికి పోయాడు.

పనికి ఆదివారం లేదు. తవ్విన గోతిలో మగవాళ్ళు గడ్డపారలేస్తుంటే ఆడవాళ్ళు మట్టిగంపలు మోసుకుని వరుసగా కట్ట ఎక్కి దిగుతున్నారు. ఆ కాలవ సుంకులపాడు వైపు రాదు. ఎనిమిది మైళ్ళ అవతలి నుంచే పక్కకు తిరిగిపోతుంది. ఈరక్కను ఆయన మొదట గుర్తుపట్టలేదు. నెత్తిన చుట్టకుదురు, మెడదాకా ఎర్రమట్టి. ఆమే ఆయన్ను చూసి, గంప దించి, పైట సర్దుకుని వచ్చి నిలబడింది. బళ్ళో నిలబడినట్టే చేతులు కట్టుకుంది. తల్లి ఎక్కడుందని అడిగితే అవతలి గోతిలో అని చూపించింది.

ఆయన దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ మరిచిపోయి ఒక్కసారిగా అనేశాడు. "నువ్వు తప్పలేదు ఈరక్కా. మొదటేడే ప్యాసయినావు, మొదటి మార్కులు నీవే. నిన్ను బళ్ళో పెట్టుకునేదానికి నేనే తప్పినట్ల రాసినా."

ఆయన అరుస్తుందనుకున్నాడు. ఆమె లెక్క వేసేటప్పుడు చూసినట్టు నేల వైపు చూసింది.

"ఆ పొద్దు కర్నూల్ల యాల చెప్పకపోతిరి?"

"చెప్తే నా ఉద్యోగం పోతాది పాపా."

ఆమె తలూపింది. అర్థం చేసుకుంది. పద్నాలుగేళ్ళ పిల్ల అంత తొందరగా అర్థం చేసుకోకూడదు. ఆయనకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఇప్పుడు రాసియ్యండి అయివారూ" అంది. "ప్యాసని ఒక్క మాట. సీటు కోసరం కాదు. వచ్చే ఏటికి పద్నాలుగు దాటిపోతాది, నాకు తెలుసు. మాయమ్మకు చూపిచ్చుకుంటా. ఆయమ్మకు సదువు రాదు గానీ కాగితమంటే నమ్మతాది. దినామూ చెప్తాండాది అయివారూ, మొద్దుదైనా నా బిడ్డే గదా అని. నోటితో నేను చెప్తే నమ్మదు. మీరు చెప్పినా నమ్మదు, పిల్లను ఓదార్చేదానికి చెప్తాండారు అంటాది. రాసియ్యండి."

చొక్కా జేబులో పెన్ను ఉంది. సంచిలో సగం ఖాళీగా ఉన్న కాగితం కూడా ఉంది. ఆయన చెయ్యి జేబు దాకా పోయింది. ఆ కాగితం భీమక్క దగ్గర ఆగదు. సంబరంగా మేస్త్రీకి చూపిస్తుంది, మేస్త్రీ ఓవర్సీయరుకు చూపిస్తాడు, అక్కడి నుంచి ఆలూరు ఎంత దూరం? ఆయన చెయ్యి జేబు మీద అలాగే ఉండిపోయింది. పెన్ను బయటికి రాలేదు.

తరువాత ఆయన చేసిన పని ఆయనకే తెలియకుండా చేశాడు. కిందికి కూలబడి, గంపలోంచి రాలిన మట్టిని అరచేత్తో చదును చేసి, చూపుడు వేలితో గుండ్రటి అక్షరాలు రాశాడు. ఈరక్క, ఐదవ తరగతి, ప్యాసు.

ఈరక్క వంగి చదువుకుంది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, ఇసుకోళ్ళకు చూపించినట్టు చదువుకుంది. ఆమె మొహంలో ఒక క్షణం పాత వెలుగు లాంటిది వచ్చి పోయింది.

"ఇసుకలో రాసింది లెక్కకు రాదు, బుక్కులో ఎక్కితేనే లెక్క అని ఇసుకోళ్ళకు నాతోనే చెప్పిస్తిరి గదా అయివారూ" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది.

పైనుంచి మేస్త్రీ కేకేశాడు. గంపలు మోసుకుని ఆడవాళ్ళ వరుస అటే దిగివస్తోంది. ఈరక్క గబుక్కున కూర్చుని, వాళ్ళ కాళ్ళు పడకముందే ఆ అక్షరాలను అరచేత్తో చెరిపేసింది. అలవాటు కొద్దీ ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది. లేచి చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, నిండిన గంప దగ్గరికి పోయి అటూ ఇటూ చూసింది. ఎత్తేవాళ్ళు దగ్గర్లో ఎవరూ లేరు.

"కొంచెం చెయ్యి పట్టండి అయివారూ" అంది.

మద్దిలేటి అయివారు రెండు చేతులతో గంప ఎత్తి ఆమె నెత్తిన పెట్టాడు.